ఎవరి పాపము?

మన సంఘములో ఒక బిడ్డ పుట్టుచెవుడుతో కనబడినప్పుడు, పైకి అనకపోయినను మనము లోలోపల అడుగుకొందుము: ఇది ఎవరి పాపఫలము? ఆ నింద తరచుగా తల్లిమీదనే పడును. గ్రహణమునాడు బయట తిరిగినదని కూడ అందుము. పుట్టు గ్రుడ్డివానిని చూచిన శిష్యులును ఇట్లే అడిగిరి (యోహాను 9వ అధ్యాయము). అట్టి నింద ఎవరిమీదను మోపుటకు ప్రభువు ఒప్పుకొనలేదు.

అమెరికాలో మార్తాస్ వినియార్డ్ అను ద్వీపమున్నది. 1694లో అచ్చటికి వచ్చి స్థిరపడినవారిలో జోనతన్ లాంబర్ట్ అను చెవిటివాడుండెను. ద్వీపవాసులు తరతరములుగా తమలో తామే పెండ్లాడిరి. 19వ శతాబ్దమునాటికి చిల్మార్క్ గ్రామములో సుమారు 25 మందికి ఒకరు చెవిటివారు. వారిలో అనేకుల తలిదండ్రులు చక్కగా వినువారే!

కారణము మనమిప్పుడెరుగుదుము. వినికిడికి సంబంధించిన జన్యువులు బిడ్డకు జంటలుగా వచ్చును. జంటలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒకటి చెడినను రెండవది పని జరుపును; అట్టివారు బాగుగా విందురు, తమలో దాగినదానిని ఎరుగరు. దంపతులిద్దరిలోను అదే లోపమున్నయెడల, ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు చెవిటి బిడ్డ పుట్టవచ్చును. పుట్టుచెవుడు చాలమందికి ఈలాగే వచ్చుచున్నది. మన మేనరికములలో ఇది ఎక్కువగుటకు హేతువిదే. కాబట్టి తల్లి ఒక్కతెను నిందించుట అన్యాయము. అయినను, తెలిసిన పిమ్మట పెండ్లి కుదుర్చు పెద్దలు ఆలోచింపవలెను.

చిల్మార్క్‌వారు ఏమి చేసిరి? వినువారును చేతిసైగల భాష నేర్చుకొనిరి. అంగడిలోను, సముద్రముపై పడవనుండి పడవకును సైగలతో మాటలాడిరి. చెవిటివారు పెండ్లాడిరి, సేద్యము చేసిరి, చేపలు పట్టిరి, ఊరి సభలలో పాల్గొనిరి. ఆ వంశపు చెవిటివారిలో చివరివారు 1952లో మరణించిరి.

మనమో? పేరున్న బిడ్డను "ఓ చెవిటోడా" అని పిలుతుము. వినలేనివానిని దూషింపరాదని లేవీయకాండము 19:14 ఆజ్ఞాపించుచున్నది. వానికి వినబడదు, వాడు బదులు చెప్పలేడు, దేవుడు వినుచున్నాడు.

శబ్దమునకు తిరుగని పసిబిడ్డను "మెల్లగా మాటలు వచ్చునులే" అని ఇంట ఉంచక, వెంటనే వైద్యునియొద్దకు తీసికొనిపోదము. ఆరు నెలలలోపుననే తగిన సహాయము దొరకుట మేలు. ఎదిగిన బిడ్డ మన మధ్యనున్నయెడల వాని తల్లియొద్ద పది సైగలు నేర్చుకొందము. ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మనమందరము ఒకరినొకరు పలుకరించుకొనునప్పుడు, వాడు గోడప్రక్కను ఒంటరిగా నిలువకుండునట్లు చూతము.