దారిలో పోయిన ప్రాణము – ఎవరి ఋణము?

మా పెద్దపల్లి మీదుగా పోవు రాజీవ్ రహదారికి రాత్రి యనునది లేదు. గోదావరిఖని బొగ్గు, రామగుండము విద్యుత్కేంద్రపు బూడిద, బసంతనగరపు సిమెంటు, సుల్తానాబాదు మిల్లుల బియ్యము, మానేటి యిసుక, కరీంనగరపు గ్రానైటు బండలు – ఇవన్నియు లారీల మీదనే కదలుచుండును. ఈ లారీల వలన అన్నము తినుచున్న కుటుంబములు వేలు. ఈ లారీల వలననే అన్నము పెట్టు చేతిని పోగొట్టుకొన్న కుటుంబములును మన ఊళ్లలో తక్కువ కాదు.

కొన్నేండ్ల క్రిందట నా వద్ద చదువుకొనుచున్న ఒక బాలుని తండ్రి ఈ దారి మీదనే మరణించెను. ముప్పదినాలుగేండ్ల వాడు, బియ్యపు మిల్లులో హమాలీ. సందెవేళ పని ముగించుకొని మోటారు సైకిలుపై ఇల్లు చేరబోవుచుండగా వెనుకనుండి వచ్చిన లారీ కొట్టినది. లారీ ఆగలేదు, చూచినవారు నంబరు గుర్తు పట్టిరి. మూడవనాడు పెద్దమనుషులు కూర్చుండిరి. లారీ యజమాని రెండు లక్షల రూపాయలు తెచ్చెను. “కేసంటే పదేండ్లు కోర్టు చుట్టు తిరుగాలె. ఇవి ఇప్పుడే చేతిల పడుతయి” అని పెద్దలు నచ్చజెప్పిరి. ఏమియు వ్రాయని స్టాంపు కాగితమొకటి ముందు పెట్టిరి. ఆ రాత్రి ఆమె కొడుకును వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది.

“సారూ, ఈ పైసలు ముట్టుకుంటె మా ఆయన పానం అమ్ముకున్నట్టు కాదా? ముట్టుకోకుంటె పిల్లలెట్ల బతుకుతరు? ధర్మమేందో మీరే చెప్పుండ్రి.”

ముప్పదేండ్లుగా సంధులు సమాసములు చెప్పిన నాకు ఆ ప్రశ్నకు వెంటనే బదులు తోచలేదు. “రెండు దినములు ఏ కాగితము మీదను వ్రేలిముద్ర వేయకమ్మా” అని మాత్రము చెప్పి పంపితిని. అటుపిమ్మట చట్టము తెలిసినవారిని అడిగి తెలిసికొన్నదియు, నాలో నేను తర్కించుకొన్నదియు పాఠక సోదరుల ముందుంచుచున్నాను. ఇట్టి పంచాయితీలలో కూర్చుండు పెద్దలు మనలోను ఉన్నారు. లారీలు నడుపుకొను వారును ఉన్నారు. దారిన పోవువారము అందరము ఉన్నాము.

ఆనాడు ఆ పందిరి క్రింద మూడు మాటలు వినబడినవి. మొదటిది – “వాని రాత అంతే.” రెండవది – “పోయిన పానం పైసలతోటి వస్తదా?” మూడవది – “తప్పు డ్రైవరుది. పైసలు ఇన్సూరెన్సోళ్లు ఇస్తరు. యజమాని ఏం జేస్తడు?” మూడును వినుటకు సత్యము వలెనే ఉన్నవి. మూడింటిలోను అన్యాయము దాగియున్నది.

రాత యను మాట దుఃఖపడువాడు తనను తాను ఓదార్చుకొనుటకు చెప్పుకొన్నచో తప్పు లేదు. తప్పు చేసినవాడు అదే మాట చెప్పినచో అది తప్పించుకొనుట యగును. అరిగిన బ్రేకులు బాగుచేయింపకపోవుట రాత కాదు. పది టన్నులు పట్టు బండిలో పదునైదు టన్నులు నింపుట రాత కాదు. రెండు రాత్రులు నిద్ర లేని మనిషిని మూడవ ట్రిప్పునకు పంపుట రాత కాదు. చీకటిలో వెనుక దీపము లేకుండ, గుర్తు పెట్టకుండ లారీని దారి మీద నిలుపుట రాత కాదు. ఇవన్నియు ఎవరో ఒకరు ఎంచుకొని చేసిన పనులు. చేసిన పనికి కర్త ఉండును. కర్తకు బాధ్యత ఉండును.

రెండవ మాట మరింత సున్నితమైనది. పరిహారము ప్రాణమునకు వెల యనుకొన్నచో దానిని తీసికొనుటకు చేయి వణకుట సహజము. చట్టము ప్రాణమునకు వెల కట్టుట లేదు. ఆ మనిషి బ్రతికియున్నచో భార్యాపిల్లలకు, ముసలితల్లికి ఎంత తెచ్చి పెట్టియుండెడివాడో దానిని లెక్కించుచున్నది. అది చనిపోయినవాని ఖరీదు కాదు, బ్రతికినవారి బకాయి. బకాయిని అడిగి తీసికొనువాడు దేనిని అమ్ముకొన్నట్లు?

ఆ లెక్క ఎట్లు చేయుదురో ప్రతి పెద్దమనిషియు తెలిసికొనవలెను. సర్లా వర్మ కేసులో 2009లోను, ప్రణయ్ సేఠీ కేసులో 2017లోను సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి ఇది. ఈ హమాలీ నెలకు 12,000 రూపాయలు సంపాదించెను. ఏడాదికి 1,44,000. నలుబది యేండ్లు నిండని, స్వంత కష్టముపై బ్రతుకు వానికి ముందు పెరుగబోవు సంపాదన కొరకు నూటికి 40 వంతులు కలుపుదురు, 2,01,600 అగును. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి – నలుగురు ఆధారపడినవారు గనుక అతని స్వంత ఖర్చు క్రింద నాలుగవ వంతు తీసివేయుదురు, 1,51,200 మిగులును. ముప్పదియొకటి మొదలు ముప్పదియైదేండ్ల వయస్సునకు గుణకము 16. దానితో హెచ్చించిన 24,19,200 రూపాయలు. అంత్యక్రియలకు, తోడు పోయినందుకు ఇచ్చునవి దీనికి అదనము. పందిరి క్రింద పెద్దలు తెగ్గొట్టినది రెండు లక్షలు! వారు దుర్మార్గులు కారు, లెక్క తెలియనివారు. తెలియక చేసిన న్యాయము వలన ఇద్దరు పసివాండ్ర చదువు, ఒక ముసలిదాని మందులు పోవలసియుండినవి. ఇంటిపని మాత్రమే చేయు స్త్రీ మరణించినను ఆమె శ్రమకు విలువ కట్టవలెనని సుప్రీంకోర్టు 2001 నాటి లతా వాధ్వా తీర్పు మొదలు చెప్పుచునే వచ్చినది. “ఆమె సంపాదించలేదు గదా” అను మాట న్యాయస్థానమున చెల్లదు. మన పంచాయితీలో ఏల చెల్లవలెను?

ఇక మూడవ మాట. డ్రైవరు తప్పునకు యజమాని ఏల బాధ్యుడు? పనివాడు యజమాని పనిలో ఉండి చేసిన అజాగ్రత్తకు యజమాని కూడ ఉత్తరవాది యనునది పాత న్యాయసూత్రము. దీనిలోని ధర్మము సులభముగనే తెలియును. లారీ పరుగెత్తిన లాభము ఎవరి పెట్టెలోనికి పోవుచున్నదో, ఆ పరుగు వలన కలిగిన నష్టములో వాని పాలు ఉండవలెను. లాభము నాది, నష్టము దారిన పోవువానిది అనుట వ్యాపారము కాదు.

బసవేశ్వరుడును తోడి శరణులును పండ్రెండవ శతాబ్దమున కాయకమునకు ఇచ్చిన స్థానమును ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. లారీ నడుపుటయు కాయకమే, నడిపించుటయు కాయకమే. కాని పనివాని నిద్రను కోసి తెచ్చిన ఆదాయము, దారిన పోవువాని ప్రాణమును పణముగా పెట్టి తెచ్చిన ఆదాయము కాయకఫలము ఎట్లగును? దానితో చేసిన దాసోహము ఎవరికి చెందును? లారీలున్న మన సోదరులు ప్రతి ట్రిప్పునకు ముందు ఈ ప్రశ్న వేసికొనవలెను.

వారు తెలియవలసిన చట్టము కొంత కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేక బండి దారి మీదికి రారాదు. డ్రైవరు లైసెన్సు విషయమున యజమాని అజాగ్రత్తగా నుండినచో, కంపెనీ బాధితునకు చెల్లించి యజమాని వద్ద రాబట్టుకొనవచ్చునని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. లారీని చేతి కాగితముపై అమ్మి ఆర్.సి. మార్పించని పాత యజమాని, రిజిస్టరులో తన పేరున్నంతవరకు బాధ్యుడేనని 2018లో నవీన్ కుమార్ కేసులో తీర్పు వచ్చినది. పెండ్లికో జాతరకో సరుకుల బండిలో జనమును ఎక్కించుకొని పోయి ప్రమాదమైనచో, ఊరక ఎక్కిన ఆ జనమునకు ఇన్సూరెన్సు వర్తింపదని 2002లో ఆశారాణి కేసులో తేలినది. ఆ భారము యజమాని నెత్తిననే పడును.

డ్రైవరు సంగతియు న్యాయముగా చూడవలెను. అతడును బీదవాడే. ఆపి, గాయపడినవానికి వైద్యము అందించి, పోలీసులకు తెలుపుట అతని విధి యని చట్టపు 134వ సెక్షను చెప్పుచున్నది. జనము కొట్టి చంపుదురను భయముతో పారిపోవువారు ఎందరో. ఆ సెక్షనే జనాగ్రహము వలన సాధ్యము కాని పరిస్థితిని గుర్తించినది. పారిపోయి తెలుపని డ్రైవరుకు పదేండ్ల వరకు శిక్ష యని భారతీయ న్యాయ సంహితలో వ్రాయగా, 2024 జనవరిలో దేశమంతట లారీ డ్రైవర్లు సమ్మెకు దిగిరి; హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు బారులు తీరినవి. ఆ సంవత్సరము జూలై 1న సంహిత అమలునకు వచ్చినప్పుడు ఆ ఉపసెక్షనును మాత్రము అమలు చేయలేదు. అజాగ్రత్తతో మరణము కలిగించినందుకు అయిదేండ్ల వరకు శిక్ష మాత్రము ఉన్నది. డ్రైవరు ఆగవలెనని మనము కోరుదుము. ఆగినవానిని కొట్టకుండుట మన విధి. ఆ రెండును కలిసిననే గాయపడినవాడు బ్రతుకును. పనిలో నుండి డ్రైవరో క్లీనరో మరణించినచో, వాని కుటుంబమునకు యజమాని పరిహారమీయవలెనని 1923 నుండియే మన దేశమున చట్టమున్నది. ఆ యిల్లాలి ఏడుపు వేరు, ఈ యిల్లాలి ఏడుపు వేరు కాదు.

బాధితుల వైపునను సత్యము ఉండవలెను. తానే జారిపడినవానికి ఏదో ఒక లారీ నంబరు తగిలించి, చూడని సాక్షిని నిలబెట్టుట దొంగతనము. మరణించినవాని తప్పు కొంత ఉన్నచో, ఆ మేరకు పరిహారము తగ్గుట న్యాయమే. అట్లని ప్రతి చిన్న లోపమును చూపి ఎగగొట్టుటయు చెల్లదు. మోటారు సైకిలుపై ముగ్గురుండినంత మాత్రాన, ప్రమాదమునకు అది కారణమని నిరూపింపక పరిహారము తగ్గింపరాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పినది.

మరి పెద్దలు చేయవలసినదేమి? మొదట పోలీసు ఫిర్యాదు, పంచనామా, పోస్టుమార్టం జరిగినవో లేదో చూడవలెను. బండి నంబరు, ఇన్సూరెన్సు వివరములు, మృతుని వయస్సు, సంపాదన తెలుపు కాగితములు భద్రపరుపవలెను. తమ యింటి కోర్టులోనే, అనగా బాధితులు నివసించు చోటి ట్రిబ్యునల్‌లోనే, దరఖాస్తు చేసికొనవచ్చును. 2022 ఏప్రిల్ 1 నుండి దీనికి ఆరు నెలల గడువు పెట్టిరి. ఆ గడువుపై వ్యాజ్యములు సుప్రీంకోర్టుకు పోయినవి. అది వేరు మాట, మనము ఆలస్యము చేయరాదు. లారీ ఏదో తెలియనే తెలియనిచో, అదే దినము నుండి అమలైన పథకము క్రింద మరణమునకు రెండు లక్షలు, తీవ్రగాయమునకు ఏబది వేలు ప్రభుత్వపు నిధి నుండి లభించును. వకీలుకు పైకము లేని స్త్రీలకు న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలును నియమించును. రాజీయే కావలెనన్నచో లోక్ అదాలత్ ఉన్నది. అచ్చటి రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ కలదు. మైనరు పిల్లల వ్యాజ్యమును కోర్టు అనుమతి లేక రాజీ చేయుటకు చట్టము ఒప్పుకొనదు. మరణమునకు కారణమైన క్రిమినలు కేసును మాఫీ చేయుదుమని పెద్దలు ఇచ్చు మాటకు విలువ లేదు.

ఆమె ఆ తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయలేదు. కొందరు పెద్దలు నాపై కోపించిరి. “పంతులు చేతికందిన రెండు లక్షలు పోగొట్టిండు” అనిరి. అది నిజమగునేమో అని నాకును కొన్ని రాత్రులు నిద్ర పట్టలేదు. మూడేండ్ల పైచిలుకు తిరిగినది. కడకు తీర్పు వచ్చినది, కంపెనీ పైకము కట్టినది. పిల్లల పాలు వారి పేర బ్యాంకులో వేయించిరి. ఆమె కొడుకు ఇప్పుడు పాలిటెక్నికులో చదువుచున్నాడు.

ఆ వార్త చెప్పుటకు వచ్చిననాడు ఆమె మొగములో సంతోషము కొంత కనబడినది. లేచి పోవుచు గడప వద్ద ఆగి అన్నది – “పైసలు వచ్చినయి సారూ. గని ఆ లారీ ఆయన ఒక్కసారన్న మా వాకిట్లకు రాలె. వచ్చి, తప్పయిందని ఒక్క మాటన్న అనలె.”

రెండు ఋణములున్నవని నాకు ఆనాడు తెలిసినది. ఒకటి లెక్కకు అందునది. దానిని చట్టము వసూలు చేయును, కంపెనీ చెల్లించును. అడుగుటకు బాధితుడు సిగ్గుపడరాదు, అడ్డుపడుటకు పెద్దలకు అధికారము లేదు. రెండవది ఆ వాకిటికి నడిచి పోవుట. అది ఏ పాలసీలోను చేరలేదు, ఏ ట్రిబ్యునల్ విధింపజాలదు. మొదటి ఋణమును కంపెనీ తీర్చినదని రెండవది తీరలేదు. ఆ యజమాని నేటికిని ఆ దారినే పోవుచుండును. ఆమె ఇల్లు ఆ దారికి కూతవేటు దూరములోనే యున్నది.