ఇంటి వెనుక కాలువ

ధ్యాన భాగము: మత్తయి 5:23, 24

ప్రియులారా, వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లుటకు మనము మరువము. ఇంటి వెనుక స్నానపు బండ నుండి పారు కాలువను ఎవరు చూచెదరు? రాయి కుంగి, మడ్డి పేరుకొని, నీరు పొరుగువాని గోడ క్రింద నిలుచును. ఆ మురుగులో క్యూలెక్స్ దోమ గ్రుడ్లు పెట్టును. వారము పది దినములలో క్రొత్త దోమలు ఎగురును. బోదకాలు వ్యాధిని మోయునది ఆ దోమయే. కాలువ మనది, కాటు పొరుగు బిడ్డకు!

కొందరు పగులుపై సిమెంటు పూసి తృప్తిపడుదురు. అది మరల విచ్చును. ఏలయనగా క్రింద నేల కుంగియున్నది. నిజముగా బాగుచేయువాడు రాళ్లు పెకలించి, మడ్డి ఎత్తివేసి, కంకర పోసి దిమ్మిస కొట్టి, మీటరుకు 2 సెంటీమీటర్ల వాలున బండలు పరచును. ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసుక కలిపి సందులు పూడ్చి, 7 దినములు తడి ఆరనీయడు. కాలువ కొనను, బావికి దూరముగా, ఇంకుడు గుంట త్రవ్వును. పిమ్మట బిందెడు నీరు పోసి, ఎక్కడను ఆగక పారునో లేదో చూచును.

సమాధానపడుటయు ఇట్టిదే. నోటిమాట పైపూత మాత్రమే. ప్రభువు చెప్పినది మన మనస్సులోని ఫిర్యాదును గూర్చి కాదు, మనవలన సహోదరుని మనస్సులో నిలిచిన దానిని గూర్చియే. అది తీరువరకు కానుక బలిపీఠము నొద్దనే ఆగవలెను.

కాబట్టి ప్రభువు బల్ల యొద్దకు వచ్చుటకు మునుపు పార చేతపట్టి ఇంటి వెనుకకు పోవుదము. గోడ ఆవలివానిని పిలిచి, "అన్నా, తప్పు మాదే" అని చెప్పుదము. అట్టి కృప ప్రభువు మనకందరకు దయచేయును గాక. ఆమేన్.