పసివారి నడకకు తగినట్టు



ఆదికాండం 33వ అధ్యాయంలో ఒక చిన్న సంభాషణ ఉంది. ఇరవై ఏళ్ళ ఎడబాటు తరువాత అన్నదమ్ములైన ఏసావు, యాకోబు కలుసుకొన్నారు. మెడలు కౌగిలించుకొని ఏడ్చారు. ఆ సంతోషంలో ఏసావు, ఇక అందరం కలిసి బయలుదేరుదాం, నేను మీతో నడుస్తాను అన్నాడు. యాకోబు వెంటనే సరే అనలేదు. తన పిల్లలు పసివారనీ, మందలో పాలిచ్చే పశువులున్నాయనీ, ఒక్కరోజు వడిగా తోలినా మంద అంతా చస్తుందనీ చెప్పాడు. అన్నను ముందు సాగమని, తాను పిల్లల నడకకు, పశువుల నడకకు తగినట్టు మెల్లగా వస్తానని మనవి చేసుకొన్నాడు.

అంతకు ముందు రాత్రే యాకోబు తెల్లవారేదాకా పెనుగులాడి, తొడ గూడు తప్పి కుంటుతున్నాడని అదే గ్రంథం చెబుతున్నది. తాను కుంటుతున్నవాడికే వెనుకబడినవారి కష్టం తెలుస్తుంది గదా!

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, మన విచారణలలోని ఎన్నో కుటుంబాలు ప్రయాణాలు కట్టే కాలం ఇది. చదువుల కోసం, ఉద్యోగాల కోసం స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఫిన్లండ్ దేశాలకు వెళ్ళిన మన తెలుగు బిడ్డలు అమ్మానాన్నలను తమ దగ్గరకు పిలిపించుకొంటున్నారు. ఒకరిద్దరు స్నేహితుల కుటుంబాలను కూడా కలుపుకొని ఉత్తర ఐరోపా అంతా చూపించాలని ముచ్చటపడుతున్నారు. మంచిదే. కన్నవారికి లోకం చూపించాలనుకోవడం దేవునికి ఇష్టమైన ఆశ.

ఆ దేశాలు కూడా నిదానంగా చూడదగినవే. జూన్ నెలలో స్టాక్‌హోమ్ నగరంలో రాత్రి పది గంటలకు గాని పొద్దు క్రుంకదు. మూడున్నరకే మళ్ళీ సూర్యుడు పొడుచుకొస్తాడు. అక్కడ సాయంత్రం ఓడ ఎక్కితే, వేలకొలది చిన్న దీవుల నడుమనుండి సాగి, మరునాటి ఉదయానికి ఫిన్లండ్‌లోని తుర్కు రేవుకు చేరుతుంది. నార్వేలో ఓస్లోనుండి బెర్గెన్‌కు 1909లో ప్రారంభమైన రైలుమార్గం ఉంది. సముద్రమట్టానికి 1,222 మీటర్ల ఎత్తున ఉన్న ఫిన్సె స్టేషన్ మీదుగా, వేసవిలోనూ మంచు మిగిలిన కొండల ప్రక్కగా, ఆరేడు గంటలపాటు ఆ రైలు వెళుతుంది. జూన్ 24 స్నాపక యోహానుగారి జన్మదినోత్సవం. డెన్మార్క్‌లో ఆ ముందు రోజు సాయంత్రం ఇంటిల్లిపాదీ సముద్రపు ఒడ్డున మంటలు వేసుకొని పాటలు పాడుకొంటారు. ఆ పండుగను వారు ‘సాంక్త్ హాన్స్’, అంటే పునీత యోహాను అని పిలుస్తారు. ఫిన్లండ్ వారి ‘యుహన్నుస్’ పండుగ కూడా ఆయన పేరుమీదనే. ఇప్పుడు గుడికి పోయేవారు తగ్గినా, పండుగ పేరులో పునీతుడు మిగిలే ఉన్నాడు.

అయితే మనం ఏం చేస్తున్నాము? పది రోజుల్లో ఎనిమిది నగరాలు అని కాగితంమీద వ్రాసుకొంటున్నాము. తెల్లవారుజామున లేపి, పరుగున రైలెక్కించి, ఒక్కొక్క చోట ఫోటోలు తీసి, మళ్ళీ పరుగు. మూడవనాటికి అమ్మకు మోకాళ్ళు పట్టేస్తాయి. “మీరు వెళ్ళిరండి నాయనా, నేనిక్కడే కూర్చుంటాను” అంటుంది. పిల్లలు దాన్ని నిజమనుకొంటారు. ఆ మాట వెనుక, “నావల్ల మీకు ఆలస్యం కాకూడదు” అనే బాధ ఉన్నదని ఎవరూ గమనించరు. భాష తెలియని దేశంలో, తెలియని మనుషుల నడుమ, చేతిసంచి ఒడిలో పెట్టుకొని ఆ తల్లి రెండు గంటలు బల్లమీద కూర్చుంటుంది. ఇంటికి వచ్చాక బంధువులకు ఫోటోలన్నీ చూపిస్తుంది. వాటిలో సగం చోట్లు తాను చూడలేదన్న సంగతి చెప్పదు.

లూకా సువార్త రెండవ అధ్యాయం గుర్తు తెచ్చుకొనండి. పాస్క పండుగనుండి తిరిగి వస్తూ మరియమ్మ, జోజప్ప ఒక దినమంతా నడిచారు. పన్నెండేళ్ళ బాలయేసు బంధుమిత్రుల గుంపులో ఎక్కడో ఉన్నాడనే అనుకొన్నారు. వారి భక్తిలో లోపం లేదు, ప్రేమలో లోపం లేదు. అయినా గుంపుగా నడిచేటప్పుడు ఒకరు తప్పిపోవడం ఎంత సులువో ఆ సంఘటన మనకు చూపిస్తుంది. లేడని తెలిసిన తరువాత వారు చేసిన పని ముఖ్యం. ముందుకు పోలేదు. వెనుకకు తిరిగి యెరూషలేము దారి పట్టారు. మూడు దినాలు వెదికారు.

ఉత్తర ఐరోపాలోనే ఇందుకు తగిన ఒక కుటుంబం ఉంది. స్వీడన్ దేశపు పునీత బ్రిజితమ్మ సుమారు 1303లో జన్మించింది. భర్త పేరు ఉల్ఫ్. వారికి ఎనిమిదిమంది బిడ్డలు. ఆ దంపతులు 1341లో స్పెయిన్ దేశంలోని సంతియాగో కొంపొస్తేలాకు, పునీత యాకోబుగారి సమాధి దర్శనానికి తిరుయాత్ర చేశారు. తిరుగుదారిలో అర్రాస్ పట్టణంలో ఉల్ఫ్ తీవ్రంగా జబ్బుపడ్డాడు. ఇల్లు ఇంకా ఎంతో దూరంలో ఉంది. బ్రిజితమ్మ భర్త ప్రక్కన ప్రార్థిస్తూ నిలిచిపోయింది. ఆయన కోలుకొన్నాకనే ఇద్దరూ స్వదేశం చేరారు. 1344లో అల్వాస్త్ర మఠంలో ఆయన మరణించాడు. కొంపొస్తేలాలో ఆమె చేసిన ప్రార్థన ఎంత విలువైనదో, అర్రాస్‌లో రోగి మంచం ప్రక్కన గడిపిన రోజులూ అంత విలువైనవే.

ఆమె ముసలితనంలో పవిత్రభూమికి వెళ్ళినప్పుడు కూడా తన బిడ్డలను వెంటబెట్టుకొనే వెళ్ళింది. తిరిగి వచ్చిన కొద్దికాలానికే, 1373 జూలై 23న రోము నగరంలో కన్నుమూసింది. కూతురు కత్రీనమ్మ తల్లి భౌతికకాయాన్ని స్వీడన్‌కు, వెత్తర్న్ సరస్సు ఒడ్డున ఉన్న వాద్‌స్తెనాకు తీసుకొనివచ్చింది. తల్లి నడిపించిన బిడ్డ చివరకు తల్లిని ఇంటికి చేర్చింది. 1391లో తిరుసభ బ్రిజితమ్మను పునీతురాలిగా ప్రకటించింది. 1999లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆమెను ఐరోపా పాలక పునీతులలో ఒకరిగా నియమించారు. మీరు వాద్‌స్తెనా వెళితే, 1430లో అభిషేకించబడిన ఆ పెద్ద దేవాలయంలో కాసేపు ఊరకనే కూర్చోండి. మీవారిలో నడవలేనివారు ఎవరో వారిని ముందు కూర్చోబెట్టండి.

నార్వేలో ఓస్లోనుండి ట్రోండ్‌హైమ్‌కు 643 కిలోమీటర్ల పాత యాత్రామార్గం ఉంది. 1030లో స్తిక్లెస్తాద్ యుద్ధంలో చనిపోయిన పునీత ఓలావ్ రాజుగారి సమాధిమీద కట్టిన నిడరోస్ దేవాలయానికి ఆ దారి చేరుతుంది. రోజుకు ఇరవై కిలోమీటర్లు నడిచినా నెల దాటుతుంది. అంతా నడవమని నేను అనడం లేదు. ఒక పూట, పిల్లలతోనూ పెద్దలతోనూ, ఎంత నడవగలిగితే అంత నడవండి. దారిలో అడవి పండ్లు కనబడితే కోసుకోవచ్చు. ఎవరి పంటకూ, ఎవరి ఇంటికీ ఇబ్బంది కలిగించకుండా అడవిలో, కొండలమీద తిరగడానికి, పండ్లు కోసుకోవడానికి నార్వే, స్వీడన్, ఫిన్లండ్ దేశాలలో అందరికీ హక్కు ఉంది. పొరుగువాని ద్రాక్షతోటలో ఆకలి తీరేంత తినవచ్చు గాని గంపలో వేసుకొని పోకూడదు అని ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం చెప్పినది ఇలాంటి మాటే. సృష్టి దేవునిది. మనం దారిన పోయేవారం. ఈ పాఠం పిల్లలకు పుస్తకంలో చెప్పేకంటే అక్కడ, చేతిలో నాలుగు నీలి పండ్లు పెట్టి చెబితే నాటుకొంటుంది.

ఆదివారం సంగతి మరువవద్దు. “సెలవులు గదా, దేవుడు అర్థం చేసుకొంటాడులే” అనే మాట మన ఇళ్ళలోనూ వినబడుతున్నది. ఓస్లోలో పునీత ఓలావ్ పేరిట, స్టాక్‌హోమ్‌లో పునీత ఎరిక్ పేరిట, హెల్సింకిలో పునీత హెన్రీ పేరిట మన కతోలిక ప్రధాన దేవాలయాలు ఉన్నాయి. ఆ దేశాలలో కతోలికులు కొద్దిమంది. వారిలో చాలామంది పోలండ్, ఫిలిప్పీన్స్, వియత్నాం వంటి దేశాలనుండి వలస వచ్చినవారు, వారి బిడ్డలు. భాష తెలియకపోయినా దివ్యబలిపూజ తెలుస్తుంది. పూజ అయ్యాక ఒక పలకరింపు చాలు. ఒంటరిగా ఉంటున్న మీ బిడ్డకు ఆ దేశంలో ఒక విచారణ దొరుకుతుంది. మీరు తిరిగి వచ్చేసిన తరువాత వాడికి మిగిలేది అదే.

నిడరోస్, వాద్‌స్తెనా దేవాలయాలు మన పూర్వులు కట్టినవి. మతసంస్కరణ తరువాత లూథరన్ సంఘంవారి ఆధీనంలో ఉన్నాయి. అక్కడ వాదాలకు దిగవద్దు. 1989 జూన్‌లో రెండవ జాన్ పాల్ పోపుగారు ఆ అయిదు ఉత్తర దేశాలను సందర్శించి, నిడరోస్‌లో లూథరన్ సోదరులతో కలిసి ప్రార్థించారు. 2016 అక్టోబరు 31న ఫ్రాన్సిస్ పోపుగారు స్వీడన్‌లోని లుండ్ దేవాలయంలో వారితో కలిసి ప్రార్థించారు. వందల ఏళ్ళ ఎడబాటు తరువాత ఏసావు, యాకోబు కలిసినట్టే అనుకోండి. అక్కడా అడుగులు నెమ్మదిగానే పడతాయి.

విమానం టిక్కెట్టు కొనే స్తోమత లేని కుటుంబాలే మనలో ఎక్కువ. వారికీ ఈ మాట చెల్లుతుంది. గుణదల మాత పండుగకు వెళ్ళినా, పక్క ఊరి చుట్టాలింటికి వెళ్ళినా, ప్రయాణంలో ఎవరో ఒకరు వెనుకబడుతూనే ఉంటారు. అప్పుచేసి దూరం పోనక్కరలేదు. దగ్గరకే, అందరూ కలిసి పోండి.

కనుక బయలుదేరే ముందు ఇంట్లో అందరూ కూర్చొని ఒక జపమాల చెప్పుకొనండి. ఆ తరువాత కాగితం తీసుకొని, చూడవలసిన ఊళ్ళలో సగం కొట్టివేయండి. మీలో అందరికంటే మెల్లగా నడిచేవారిని అడిగి, వారు చెప్పినట్టు రోజులు ఏర్పాటు చేసుకొనండి. దారిలో ఎవరైనా “మీరు వెళ్ళిరండి” అంటే, ఒక్కరైనా వారి ప్రక్కన కూర్చోండి. ప్రతి రాత్రి పడుకోబోయే ముందు ఒక ప్రశ్న వేసుకొనండి: ఈ రోజు మన గుంపులో ఎవరు తప్పిపోయారు?

ఎమ్మావు దారిలో అలసిన ఇద్దరి అడుగులతో అడుగు కలిపి నడిచిన ప్రభువా, మా ప్రయాణాలలో మాతో నడువుము. మాలో నడవలేనివారికోసం ఆగే ఓపికను మాకు దయచేయుము. ఆమెన్.