ఆచారము – అంతరంగము

మనుష్యులందరి మనస్సును ఒక్కటే యనియు, ఆచారములు పైని కప్పుకొను వస్త్రముల వంటివనియు పలువురు తలచుచుందురు. మన శాస్త్రకారుల యభిప్రాయ మట్టిది కాదు. పలుమారు చేసిన కర్మ చిత్తమునందు ఒక ముద్రను విడుచును. దానికే సంస్కారమని పేరు. ఆ ముద్రయే మరల అట్టి కర్మకు ప్రేరణమగును. ఈ న్యాయము ఒక వ్యక్తికే గాక ఒక సమాజమునకును వర్తించునా? తరతరములుగా నడచిన కట్టుబాటు ఆ సమాజమువారి మనస్సునే ఒక తీరున మలచునా? మలచునేని, మనము చేయు మంచిచెడ్డలకు బాధ్యత ఆచారమునదా, మనదా? ఇది విచారింపదగిన విషయము.

తెలుగువారి యిండ్లలో చిరకాలముగా నున్న మేనరికమునే ఉదాహరణముగా గైకొందము. బౌధాయన ధర్మసూత్రము దక్షిణదేశమున ఐదు, ఉత్తరదేశమున ఐదు విశేషాచారములను పేర్కొన్నది. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని వివాహమాడుట దక్షిణాదివారి యాచారములలో చేరినది. సముద్రయానము, ఉన్ని అమ్ముట మున్నగునవి ఉత్తరాదివారివి. ఆయా దేశమున ఆ దేశాచారమే ప్రమాణమనియు, ఒకచోటి యాచారమును వేరొకచోట నడపుట దోషమనియు చెప్పి, గౌతముడు దీని నంగీకరింపడని కూడ ఆ గ్రంథమే తెలిపినది. విజయనగర రాజ్యకాలమున, 14వ శతాబ్దిలో, మాధవాచార్యులు పరాశరమాధవీయమున మేనమామ కూతురి వివాహమును సమర్థించుచు విపులముగా చర్చించిరి.

ఈ యాచారము పెండ్లిపందిరితో ముగియునది కాదు. తండ్రి తోబుట్టువును, భర్త తల్లిని గూడ మనము అత్త యనియే పిలుతుము. తల్లి సోదరుని, భార్య తండ్రిని గూడ మామ యనియే అందుము. పొలము, అప్పు, ఆపద, శుభకార్యము సమస్తమును ఆ బంధువలయములోనే తిరుగును. అందు పెరిగిన బిడ్డకు మొదట తోచు ప్రశ్న “ఇతడు మనవాడేనా?” యన్నదే.

పశ్చిమ ఐరోపాలో దీనికి విపరీతముగా జరిగినది. అచ్చటి క్రైస్తవ ధర్మాధికారులు 4వ శతాబ్ది మొదలుకొని దగ్గరి బంధువుల వివాహములను క్రమక్రమముగా నిషేధించుచు వచ్చిరి. 11వ శతాబ్ది నాటికి ఏడు తరముల లోపల ఉమ్మడి పూర్వికుడు గలవారికి వివాహము కూడదనిరి. 1215లో రోమునగరమున జరిగిన లాటరన్ మహాసభ దీనిని నాలుగు తరములకు తగ్గించినది. వధువును బంధువులు కానివారి యింట వెదకవలసి వచ్చుటచే పెద్ద జ్ఞాతివర్గములు సడలి చిన్న కుటుంబము లేర్పడెను. జనులు బంధువులు కానివారితో కూడి వృత్తిసంఘములను, విద్యాపీఠములను నిర్మించుకొనిరి.

జోసెఫ్ హెన్రిక్ అను మానవశాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును 2019లో ‘సైన్స్’ పత్రికలో దీనినిగూర్చి ఒక వ్యాసము ప్రకటించిరి. ఆ నిషేధమునకు ఎక్కువకాలము లోబడిన ప్రాంతముల వారిలో స్వతంత్రభావమును, అపరిచితులయందు విశ్వాసమును హెచ్చనియు, పదిమందిని చూచి నడచు బుద్ధి తక్కువ యనియు వారు చూపిరి. ఇటలీలో దగ్గరి బంధువుల వివాహములు తక్కువగా నుండిన మండలములలో స్వచ్ఛంద రక్తదానము ఎక్కువ యనియు హెన్రిక్ తెలిపెను. అయితే ఇందలి కార్యకారణసంబంధమును విద్వాంసులందరును అంగీకరింపలేదు.

వేర్వేరు దేశములవారి నడిగిన మరియొక ప్రశ్న కలదు. మీ మిత్రుడు మితిమీరిన వేగముతో కారు నడిపి ఒక బాటసారిని గ్రుద్దినాడు. సాక్షులు మీరొక్కరే. మెల్లగానే నడిపినాడని మీరు చెప్పినచో అతనికి శిక్ష తప్పును. మీరేమి చెప్పుదురు? కెనడా, స్విట్జర్లండు దేశములలో నూటికి 90 మందికి పైగా అబద్ధము చెప్పమనిరి. దక్షిణ కొరియా, వెనిజులాలలో మిత్రుని కాపాడుదుమనువారే హెచ్చు. మొదటివారికి రెండవవారు అసత్యవాదులుగా తోతురు. రెండవవారికి మొదటివారు మిత్రద్రోహులుగా తోతురు. వీరి తీర్పును పెంచినది వీరి వీరి యాచారమే.

మరి బాధ్యత యెవరిది? శ్రీమద్రామాయణమునందు ఈ ధర్మసంకటము ఒక్క యింటిలోనే కానవచ్చును. కుంభకర్ణుడు అన్న చేసినది తప్పని ముఖముననే చెప్పెను. చెప్పియు, అన్నకొరకే పోరి ప్రాణముల నర్పించెను. విభీషణుడును తప్పనియే చెప్పెను. అన్న వినకపోగా, నలుగురు అనుచరులతో సముద్రమును దాటి శ్రీరాముని శరణుజొచ్చెను. అందులకు ఇంద్రజిత్తు యుద్ధభూమిలో అతనిని జ్ఞాతులను విడిచినవాడవని నిందించెను. వీరిరువురును ఒక తల్లి బిడ్డలు, ఒకే కులాచారమున పెరిగినవారు. ఆచారమే సర్వమును నిర్ణయించునేని ఇరువురును ఒకే దారిని నడువవలసియుండెను. కావున ఆచారము మన మొగ్గును నిర్ణయించునే గాని మన కర్మను నిర్ణయింపదు. “మావాడు గనుక” అన్న మాట మన ప్రవర్తనకు కారణమును చెప్పగలదు గాని సమర్థన కానేరదు.

దీనివలన ఇతరుల ఆచారమును తేలికగా చూడరాదనియు తెలియవలెను. బంధువలయము ఆపదలో మనకు అన్నము పెట్టినది. వలయమునకు వెలుపలివానికి జరుగు అన్యాయమును చూచియు చూడనట్లుండుటను కూడ అదియే నేర్పినది. నేడు మేనరికములు తగ్గుచున్నవి, బిడ్డలు దూరదేశములలో నివసించుచున్నారు. మన మనస్సుల తీరును మారక తప్పదు. ఏది నిలుపుకొనవలెనో, ఏది విడువవలెనో గృహస్థులే విచారింపవలెను. మేనల్లుడు తప్పు చేసిననాడు ఇంటిపెద్ద పలుకు మాటను పిల్లలు విందురు. వారికి కలుగు సంస్కారము అదియే.

సత్యము పలికినంతమాత్రమున బంధము తెగదు. రావణుడు కూలిన పిమ్మట ఉత్తరక్రియలకు విభీషణుడు సంకోచింపగా, వైరము మరణముతో ముగిసినదని శ్రీరాముడు నచ్చజెప్పి, ఆ తమ్మునిచేతనే వానిని జరిపించెను. అట్లే న్యాయస్థానమున సత్యమును చెప్పి, శిక్షపడిన మిత్రుని భార్యాబిడ్డలకు లోటు రాకుండ చూచుకొనువాడు ఆ రెండు ధర్మములను కాపాడినవాడగును.