లేని చెట్టు కాయలు

అబద్ధం ఎప్పుడెప్పుడు ఆడవచ్చో శుక్రాచార్యులవారు బలిచక్రవర్తికి ఓ పట్టీ చదివారు. ఆడవాళ్ల దగ్గర, పెళ్లిళ్ల విషయంలో, ప్రాణం మీదికీ మానం మీదికీ వచ్చినప్పుడు... ఇలా. ముసలివాళ్ల చేత వ్యాయామం చేయించడానికి ఆడవచ్చా అన్నది మాత్రం అందులో లేదు. ఆయనకా అవసరం పడలేదు కాబోలు.

మనకి పడింది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి స్వాధీనం తప్పిన మా మేనత్తకి, ఫిజియోథెరపీ చేసేచోట డబ్బాలాంటి కళ్లజోడొకటి తగిలించారు. వర్చువల్ రియాలిటీ అంటారుట. అది పెట్టుకోగానే గది మాయమై తోట ప్రత్యక్షమవుతుంది. తల ఎటు తిప్పితే అటు తోటే. చేతిలో పెట్టిన పిడి కదిలితే తోటలో ఓ చెయ్యి కదులుతుంది. ఆ చేత్తో చెట్టునున్న ఆపిల్ పళ్లు కోసి బుట్టలో వెయ్యాలి. పుట్టి బుద్ధెరిగి ఆవిడ ఆపిల్ చెట్టు చూసింది లేదు. అయినా కోసింది! "చెయ్యెత్తండి మామ్మగారూ, ఇరవైసార్లు" అంటే అయిదోసారికే "చాల్లే తల్లీ" అనే మనిషి, నలభై పళ్లు కోసింది. కళ్లజోడు తీశాక పక్కకి చూసి, "కోసినవన్నీ ఏవే?" అంది. అక్కడి పిల్ల ఫక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇది మోసమంటారా? చందమామని చూపించి గోరుముద్దలు తినిపించిన వాళ్లం, మనం తప్పుపట్టడమేమిటి అంటారేమో. కానీ పసివాడికి తెలీదు, ఆవిడకి తెలుసు. ఇంటికొచ్చే దారిలో ఆవిడే అంది, "అది బొమ్మేనని నాకు తెలీదుటే? అడిగితే ఏం చెబుతారో చూద్దామని అడిగా" అని. తెలిసి ఆడేది ఆట. లక్కపిడతల్లో ఇసక అన్నం వండి వడ్డించే పిల్ల ఎవర్ని మోసం చేస్తోంది కనక? మతి స్థిమితం తప్పి, ఏది నిజమో పోల్చుకోలేని వాళ్ల సంగతి వేరు. వాళ్లకి తగిలించే ముందు మాత్రం ఒకటికి పదిసార్లు ఆలోచించాల్సిందే.

పైగా ఇది వట్టి కాలక్షేపం కాదుట. బెల్జియం, ఇజ్రాయెల్, ఇటలీ, నెదర్లాండ్స్, బ్రిటన్ దేశాల్లో 60 నుంచి 90 ఏళ్ల మధ్యవాళ్లని 302 మందిని తీసుకుని చేసిన పరీక్ష ఒకటి 2016లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. అందరూ అంతకుముందు ఆర్నెల్లలో కనీసం రెండుసార్లు కిందపడ్డవాళ్లే. వారానికి మూడుసార్లు చొప్పున ఆరు వారాలు ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. సగంమందికి ఎదురుగా తెర పెట్టి, అందులో వాళ్ల పాదాలే కనపడేలా చేసి, దారికి అడ్డంకులు కల్పించారు. చూసుకుని దాటాలి. కాలితోపాటు బుద్ధికీ నడక నేర్పడం అన్నమాట. ఆర్నెల్లకి సగటున పన్నెండుసార్లు పడే ఆ గుంపువాళ్లు, తరవాతి ఆర్నెల్లలో ఆరుసార్లే పడ్డారు. ఉత్త నడక నడిచినవాళ్లకి అంత మేలు కలగలేదు. లేని రాళ్లని దాటి, ఉన్న గుమ్మాల దగ్గర పడకుండా నిలబడ్డారు! చెయ్యి విషయంలో ఇంత ఖచ్చితంగా చెప్పలేదు. 2017లో 72 పరిశోధనలు కలిపి చూసినవాళ్లు పక్షవాత రోగులకి మామూలు వ్యాయామంకన్నా ఎక్కువ లాభం కనపడలేదన్నారు. 2025లో మళ్లీ చూసి, కాస్త మొగ్గు చూపించారు.

సరే, మోసం కాదు, మేలే. అయినా నా మనసులో ముల్లు ఒకటి ఉండిపోయింది. అత్తయ్య పెరట్లో నిజం నందివర్ధనం చెట్టుంది. ఆవిణ్ణి దాని దగ్గరికి ఎవరూ వెళ్లనివ్వరు. కత్తిపీట అటకెక్కింది. చిక్కుడుకాయలు ఈనె తీస్తానన్నా, "ఎందుకండీ మీకు శ్రమ" అని చేట లాగేసుకుంటారు. ఇంట్లో ఉన్న పువ్వు కోయనివ్వకుండా, ఊళ్లోకి తీసుకెళ్లి డబ్బిచ్చి లేని పండు కోయిస్తున్నాం. ఆ తోటలో ఆవిడకి అంత హుషారు ఎందుకొచ్చిందో ఆలోచిస్తే నాకొకటి తట్టింది. అక్కడ ఎన్ని పళ్లు జారిపోయినా "జాగ్రత్త!" అనేవాళ్లు లేరు.

అలాగని కోడల్ని అనడానికి నాకు నోరు రాదు. ఆవిడ తూలి పడి తుంటి విరిగితే మంచం దగ్గర చాకిరీ ఎవరిది? కొడుకుదా? ఆ "జాగ్రత్త"లో సగం భయం, సగం అలసట. చెట్టు పక్కన ఎత్తుపీట వెయ్యచ్చు, పట్టుకోవడానికి కర్ర పాతచ్చు. అవన్నీ అయ్యే పనులే. పొద్దున్నే డబ్బాలు కట్టే వేళ, పక్కన ఓ అరగంట ఊరికే నిలబడే మనిషి కావాలి. ఆ అరగంట ఎవరిస్తారు అనే దగ్గరకొచ్చేసరికి, మా బావ పేపరు తిరగేస్తాడు.