ధనముతో చేయు హింస

కృష్ణాతీరమున ఘంటసాల చేరువనున్న శ్రీకాకుళము ఆంధ్రమహావిష్ణువునకు నిలయమైన దివ్యక్షేత్రము. కళింగ దండయాత్రకు వెడలిన శ్రీకృష్ణదేవరాయలు ఇచ్చట ఏకాదశీ వ్రతము నాచరింపగా, స్వామి స్వప్నమున సాక్షాత్కరించి తెనుగున కావ్యము రచింపుమని ఆజ్ఞాపించెనని ఆముక్తమాల్యద అవతారిక తెలుపుచున్నది. అంతటి చక్రవర్తిని స్వామి కోరినది ఏనుగు దంతము కాదు, పులితోలు కాదు, ఒక కావ్యము. ఆ కావ్యనాయికయైన గోదాదేవి సమర్పించినదియు పూమాలికయే.

ఇట్లుండగా, దైవభక్తి పేరిట అడవి ప్రాణుల అవయవములు నేటికిని రహస్యముగా అమ్ముడుపోవుచున్నవి. దృష్టిదోషము తగులదని పసివాని మెడలో పులిగోరు కట్టుదురు. ఉపనయన వటువునకై కృష్ణాజినము వెదకుదురు. ధనప్రాప్తి కలుగునని 'హత్తాజోడి'ని పూజాపీఠమున నుంచుదురు. అది ఒక మొక్క వేరని విక్రేత చెప్పును. నిజమునకు అది ఎండబెట్టిన మగ ఉడుము జననాంగమని పరిశోధకులు 2017లో వెల్లడించిరి. ఒక మూగప్రాణిని చంపి తీసిన అవయవమునకు కుంకుమ పెట్టి లక్ష్మీకటాక్షమును కోరుట ఎంతటి విపరీతము!

"చంపినవాడు వేరొకడు, కొన్నవానికి పాపమేమి?" అని కొందరందురు. మహాభారతము ఆనుశాసనిక పర్వమున భీష్ముడు ధర్మరాజునకు మాంసభక్షణ దోషమును వివరించుచు దీనికి సమాధానము చెప్పియున్నాడు. బంధించి చంపువాడు చేతితో హింసించును. తినువాడు అనుభవముచే హింసించును. కొనువాడు ధనముచే హింసించును. మాంసమునకు చెప్పిన ఈ న్యాయము గోటికిని తోలునకును వర్తింపకపోదు. వెల యిచ్చువాడు లేనినాడు ఉచ్చు పన్నువాడును ఉండడు.

రాజశాసనమును ఈ ధర్మమునే అనుసరించుచున్నది. 1972లో పార్లమెంటు వన్యప్రాణి సంరక్షణ చట్టమును చేసెను. అందుకై ముందుగా తీర్మానము చేసిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. రక్షిత ప్రాణుల తోళ్లు, గోళ్లు మున్నగువాని వ్యాపారమును 1986 నాటి సవరణ నిషేధించినది. పులి, కృష్ణజింక, ఉడుము మొదటి షెడ్యూలులోనివి. వాని విషయమున అపరాధికి 3 మొదలు 7 సంవత్సరముల కారాగారము, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా కలవు. పూజాద్రవ్యమనుట మినహాయింపు కాజాలదు. అట్లని చట్టము భక్తికి విరోధి కాదు. శ్రీకృష్ణుని శిరోభూషణమైన నెమలిపింఛమును దేశములో వ్యాపారనిషేధము నుండి అది మినహాయించినది. నెమలి ఏటేట తానై రాల్చు ఈకకు హింస అవసరము లేదు.

మరి శాస్త్రవిహితమైన కృష్ణాజినము మాటేమి? విహితద్రవ్యము లభింపనిచో ప్రతినిధిని గ్రహింపవచ్చునని మీమాంసకులు నిర్ణయించిరి. సోమలతకు బదులు పూతీకము అట్లే అంగీకరింపబడినది. యజ్ఞమునకే ప్రతినిధి చెల్లినప్పుడు వటువునకు చెల్లదా? పురోహితుని సంప్రదించి నిర్దోషమైన ద్రవ్యముతో కర్మ నడుపుట ఉచితము. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడ. బ్రహ్మచర్య దీక్ష దాని వధతో ఆరంభము కారాదు.

తాతలనాటి పులిగోరు ఇంట నున్నవారు భయపడి దాచుటయు, అమ్ముటయు తగదు. వారసత్వముగా సంక్రమించిన వస్తువును 90 దినములలో ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలుపవలెనని చట్టము చెప్పుచున్నది. యాజమాన్య పత్రము కలవారు దానిని ఉంచుకొన నిష్టపడనిచో ప్రభుత్వమునకు అప్పగించుటకు 2022 నాటి సవరణ మార్గము చూపినది. అందుకు పరిహారము లభింపదు. ప్రతిఫలము కోరని ఆ త్యాగమే దానికి శోభ.

బిడ్డకు రక్ష కోరు తల్లి, అడవిలో మరియొక తల్లి బిడ్డను కోల్పోవుటకు వెల చెల్లింపరాదు. సర్వభూతములయందు వసించు స్వామికి ఒక తులసీదళము చాలును.