తెలిసిన తరువాత మన బాధ్యత ఏమిటి?

ఉదయగిరి నుండి ఆత్మకూరుకు వచ్చే దారిలో ఒక పల్లె. అక్కడ మాకు తెలిసిన ఒక కుటుంబం ఉంది. ఇంటి పెద్ద ఉదయగిరి కొయ్య గరిటెల పనిచేసే కారిగరు. కొన్నేళ్ళ క్రితం తన తల్లి మరణించినప్పుడు, ఆమె పేరున పుణ్యం కొనసాగాలని ఇంటి ముందు వీధిలో ఒక బోరు వేయించాడు. అప్పు చేసి వేయించిన బోరు అది. వీధి వీధంతా ఆ నీళ్ళే తాగుతోంది. తాగినవాళ్ళు ఆ తల్లి కోసం దుఆ చేస్తున్నారు.

అతని కూతురు ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతోంది. ఒకరోజు భూగోళ పాఠంలో శిలల గురించి, భూగర్భజలాల గురించి చెబుతూ ఉపాధ్యాయుడు పిల్లలందరినీ ఎవరింటి నీళ్ళు వారిని సీసాలో తెమ్మన్నారు. పరీక్ష కిట్టులోని మందుచుక్కలు వేసి చూస్తే ఈ అమ్మాయి తెచ్చిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఆ సాయంత్రం ఆమె ఇంట్లో ఆ మాట చెప్పింది. తండ్రికి కోపం వచ్చింది. "దాదీ పేరున వేసిన బోరమ్మా అది! ఊరంతా దుఆ చేస్తుంటే నువ్వు విషమంటావా?" అన్నాడు. అమ్మాయి తలవంచుకుని ఒకే మాట అడిగింది: "అబ్బా, నాకు తెలిసిపోయింది కదా. ఇప్పుడు చెప్పకుండా ఊరుకుంటే నాకు గునాహ్ కాదా?"

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు, మనందరిదీ. తెలియక చేసిన మేలులో హాని ఉందని తెలిసిన తరువాత మనిషి బాధ్యత ఏమిటి?

ముందుగా ఆ నీళ్ళ సంగతి చూద్దాం. పశ్చిమ నెల్లూరు రాతినేల. పడమట వెలికొండలు, ఉదయగిరి దుర్గం, వాటి చుట్టూ అభ్రకం కలిసిన పొరల రాళ్ళు, పలుగురాళ్ళు, గ్రానైటు జాతి రాళ్ళు. ఇసుక నేలలో నీరు నిలిచినట్లు ఇలాంటి రాతిలో నిలవదు. పైన చివికిన పొరలో, కింద పగుళ్ళలో మాత్రమే దాగి ఉంటుంది. ఏళ్ళ తరబడి రాతిని అంటుకుని ఉన్న ఆ నీటిలో రాతిలోని ఖనిజాలు కొద్దికొద్దిగా కరుగుతాయి. అభ్రకం, అపటైటు, ఫ్లోరైటు వంటి ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. వాన తక్కువై, నీటిలో సున్నం పాలు తగ్గినచోట అది మరింత ఎక్కువగా కరుగుతుంది. అందుకే ఒకే ఊళ్ళో ఒక బోరు నీళ్ళు మంచివి కావచ్చు, నూరు గజాల దూరంలోని ఇంకో బోరు నీళ్ళు కాకపోవచ్చు. రంగు, రుచి, వాసన చూసి దీన్ని కనిపెట్టలేము.

తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశ ప్రమాణాల్లోనూ గరిష్ఠ పరిమితి అదే. మించితే ముందుగా పిల్లల పళ్ళపై మచ్చలు పడతాయి. పళ్ళు లోపల తయారయ్యే వయసు గనుక ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ఈ ప్రమాదం ఎక్కువ. చాలా ఏళ్ళు ఎక్కువ మోతాదులో తాగితే ఎముకలు బిగుసుకుని నడుము వంగిపోతుంది. వంగిన నడుమును మళ్ళీ నిలబెట్టే మందు లేదు. నివారణ ఒక్కటే దారి. నీళ్ళు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మన దేశంలో ఈ ఎముకల జబ్బును వైద్యులు గుర్తించి 1937లో లోకానికి తెలిపింది అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుండే. అంటే ఆ పిల్ల చదివిన పాఠం ఎక్కడో దూరదేశపు పాఠం కాదు, తన కాళ్ళ కింది నేల పాఠం.

కానీ మనలో చాలామంది ఈ పాఠాలను ఎలా చూస్తున్నాం? ఇంజినీరింగుకు, మెడిసిన్‌కు పనికిరాని చదువని తేలిగ్గా తీసేస్తున్నాం. మరికొందరు భూమి వయసు 450 కోట్ల సంవత్సరాలకు పైబడిందని చెబుతారు గనుక పిల్లల విశ్వాసం చెడుతుందేమోనని భయపడుతున్నారు. దివ్యఖుర్ఆన్ భూమి వయసు ఇన్నేళ్ళని ఎక్కడా లెక్క చెప్పలేదు. భూమిలో సంచరించి చూడమని మాత్రం చెప్పింది. ఫాతిర్ సూరాలో పర్వతాలలోని తెల్లని, ఎర్రని, నల్లని చారలను ప్రస్తావించిన వెంటనే, అల్లాహ్‌కు నిజంగా భయపడేవారు జ్ఞానం కలవారేనని తెలిపింది. కొండ రాళ్ళ రంగులకూ జ్ఞానుల దైవభీతికీ మధ్య దూరం ఒక్క వాక్యమే. ఆలోచించండి! అల్ బిరూనీ క్రీ.శ. 1030 ప్రాంతంలో భారతదేశాన్ని గురించి రాస్తూ, కొండల దగ్గర నదిలో పెద్ద గుండ్రాళ్ళు, దూరం పోయేకొద్దీ చిన్నవి, చివరకు ఇసుక ఉండటం గమనించాడు. ఈ మైదానం ఒకప్పుడు సముద్రమై, నదులు తెచ్చిన మట్టితో పూడి ఉంటుందని ఊహించాడు. ఆ పరిశీలన ఆయన విశ్వాసానికి అడ్డు రాలేదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. "నా సంకల్పం మంచిది, అది చాలదా?" అంటాడు తండ్రి. కర్మలు సంకల్పాలను బట్టి ఉంటాయన్నది నిజం. తెలియక వేసిన బోరుకు అతనిపై నింద లేదు, అల్లాహ్ వద్ద అతని సంకల్పం వృథా కాదు. కానీ తెలిసిన మరునాటి నుండి సంకల్పానికి కొత్త పరీక్ష మొదలవుతుంది. ఎదుటివారికి మేలు జరగాలన్నదే తన సంకల్పమైతే, హాని ఉందని విన్నప్పుడు ముందు కలవరపడేది అతడే కావాలి. అలా కాక బోరు మీది పేరుకు మచ్చ వస్తుందని బాధపడితే, సంకల్పం మెల్లగా నీళ్ళను వదిలి పేరు వైపు జరిగిందన్నమాట. ఎవరికీ హాని కలిగించరాదన్న దైవప్రవక్త (సఅసం) బోధ దానధర్మాలకు కూడా వర్తిస్తుంది.

మరణించిన మనిషి కర్మలన్నీ ఆగిపోయినా మూడు మాత్రం ఆగవని ఆయన (సఅసం) తెలియజేశారు: కొనసాగే దానం, ప్రజలకు ఉపయోగపడే జ్ఞానం, తల్లిదండ్రుల కోసం దుఆ చేసే మంచి సంతానం. ఆ ఇంట్లో ఈ మూడూ ఉన్నాయి. బోరు ఉంది, బడిలో వచ్చిన జ్ఞానం ఉంది, నిజం చెప్పే బిడ్డ ఉంది. మొదటిదాన్ని కాపాడుకోవడానికి మిగతా రెంటి నోరు మూయించడం న్యాయమా? హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తన తల్లి కోసం ఏ దానం శ్రేష్ఠమని అడిగితే, నీళ్ళు అని జవాబు వచ్చింది. ఆయన బావి తవ్వించారు. నీటిదానం గొప్పదనం దాహం తీర్చడంలో ఉంది. దాహంతో పాటు రోగాన్ని కూడా ఇచ్చే నీళ్ళు ఆ గొప్పదనాన్ని నిలుపుకోలేవు.

అయితే చెప్పడానికీ ఒక పద్ధతి ఉంది. వార్త వస్తే నిర్ధారించుకోమని ఖుర్ఆన్ ఆదేశం. బడిలోని కిట్టు ఒక్కటే చాలదు, ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. అంతవరకు వీధిలో భయం పుట్టించకూడదు. పెద్దలతో మాట్లాడేటప్పుడు మర్యాద తప్పకూడదు. హజ్రత్ ఇబ్రాహీం (అలై) తన తండ్రితో, మీ వద్దకు రాని జ్ఞానం నా వద్దకు వచ్చిందని చెప్పినప్పుడు "నాన్నా" అంటూ ప్రేమగానే పిలిచారు. అక్కడి సందర్భం వేరు, తౌహీద్‌కు సంబంధించినది. కానీ పిల్లలు నేర్చుకోవలసిన మర్యాద, పెద్దలు నేర్చుకోవలసిన వినయం రెండూ అందులో ఉన్నాయి.

ఆ తండ్రి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తానే సీసా నింపుకుని గ్రామీణ నీటి సరఫరా వారి ప్రయోగశాలకు వెళ్ళాడు. ఫలితం అదే వచ్చింది. మగ్రిబ్ నమాజు తరువాత వీధిలోవారిని కూర్చోబెట్టి తానే చెప్పాడు. అందరూ మెచ్చుకోలేదు. "ఇన్నాళ్ళూ తాగాంగా, ఏమయింది?" అన్నవారున్నారు. "మరి మంచినీళ్ళెక్కడివి?" అన్నవారి ప్రశ్నలో న్యాయం కూడా ఉంది. శుద్ధిచేసిన నీళ్ళు కొనుక్కోవడం బీదవానికి రోజూ భారమే. బోరు మూయలేదు. బట్టలకు, పాత్రలకు, వుజూకు ఆ నీళ్ళు పనికివస్తాయి. "తాగడానికి కాదు" అని బోరు దగ్గర పలక పెట్టించాడు. తల్లి పేరున ఏటా బంధువులకు పెట్టే భోజనాల ఖర్చు ఆపి, ఆ డబ్బుతో వీధి చివర అంగన్‌వాడీ పిల్లలకు మంచినీళ్ళ క్యాన్లు ఏర్పాటు చేశాడు. ఊరంతటికీ అది చాలదు. అతని శక్తి మేరకు అతడు చేశాడు. మిగిలింది అడగవలసినవారు అడగాలి, చేయవలసినవారు చేయాలి.

సోదర సోదరీమణులారా! మన పిల్లలు ఈరోజు బడి నుండి ఏం తెలుసుకుని వచ్చారో మనం అడుగుతున్నామా? మార్కులెన్ని అని మాత్రమే అడుగుతున్నామా? ఉపయోగపడని జ్ఞానం నుండి శరణు వేడుకోమని మనకు నేర్పబడింది. చాలాసార్లు జ్ఞానం దానంతట అది నిరుపయోగం కాదు, విననివారి ఇంటికి చేరడం వల్ల నిరుపయోగమవుతుంది. తెలిసింది అమానతు. దాన్ని చెప్పడం తెలిసినవారి వంతు, వినడం మన వంతు.

మన దానాలను హాని నుండి, మన జ్ఞానాన్ని మౌనం నుండి అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.